సీలు చర్మం, రబ్బరు, చెమట

చలిదేశాల నదుల్లోనూ సముద్రపు పాయల్లోనూ శీతకాలంలో కయాక్ నడిపేవారు తొడుక్కునే డ్రైసూట్‌ను చేత్తో పట్టుకుని చూస్తే, అది ఒంటిని వెచ్చగా ఉంచే వస్తువంటే నమ్మబుద్ధి కాదు. పలుచని నైలాన్ బట్ట. మెడ దగ్గర, మణికట్ల దగ్గర చర్మాన్ని కరుచుకునే లేటెక్స్ పట్టీలు. కాళ్లకు అదే బట్టతో అతికిన మేజోళ్లు. ఛాతీ మీదుగా ఏటవాలుగా నీరు దూరని జిప్పు. నిజానికి డ్రైసూట్ తనంతట తాను వెచ్చదనం ఇవ్వదు. దాని కింద వేసుకున్న ఉన్ని బట్టల పోగుల మధ్య కదలకుండా నిలిచిన గాలి ఇస్తుంది. గాలికంటే నీరు వేడిని దాదాపు 25 రెట్లు ఎక్కువగా లాగేస్తుంది కనుక, ఆ గాలి ఉండాల్సిన చోట నీరు చేరితే ఎంత మందం ఉన్ని వేసుకున్నా పెద్దగా అక్కరకు రాదు. కాబట్టి బయటి నీటిని ఆపడం ఒక పని, లోపల గాలిని పట్టి ఉంచడం రెండో పని. వీటికి తోడు మూడోది ఒకటి ఉంది. తెడ్డు వేసే మనిషికి చలిలోనూ చెమట పడుతుంది. ఆ చెమట బయటికి పోయే దారి లేకపోతే లోపలి బట్టలు లోపలినుంచే తడిసిపోతాయి. అలా తడిసిన మనిషి తెడ్డు ఆపి ఒడ్డున కూర్చున్న క్షణం నుంచి వణకడం మొదలుపెడతాడు.

ఈ దుస్తు చరిత్రను రబ్బరు చరిత్రగా చెప్పడం ఆనవాయితీ. 1823లో చార్లెస్ మాకింటాష్ రబ్బరు పూసిన బట్టకు పేటెంట్ తీసుకోవడంతో మొదలుపెట్టి, 1837 ప్రాంతంలో అగస్టస్ సీబే తయారుచేసిన డైవర్ల దుస్తు మీదుగా, 1969లో బాబ్ గోర్ కనిపెట్టిన సాగదీసిన టెఫ్లాన్ పొర దాకా మెట్లు మెట్లుగా ఎక్కుతూ పోయిన కథ అది. ఆ మెట్లన్నీ నిజమైనవే. అయితే వాటిని ఆ వరుసలో పేర్చి చూపితే ఒక ముఖ్యమైన సంగతి మరుగున పడుతుంది. పైన చెప్పిన మూడు పనుల్నీ వేర్వేరుగా గుర్తించి, మూడింటికీ ఒకేసారి జవాబు చెప్పిన దుస్తులు యూరప్ రబ్బరు ముఖం చూడకముందే ఉత్తర ధ్రువ ప్రాంతపు తీరాల్లో ఉన్నాయి. రబ్బరు వచ్చాక మొదటి పని చాలా తేలికైంది. అంత తేలికగా తీరడం వల్లే మిగతా రెండు పనుల సంగతి, ముఖ్యంగా చెమట సంగతి, నూరేళ్లకు పైగా వెనకబడింది. ఆ తర్వాత జరిగిన ప్రగతిలో పెద్ద భాగం ఆ వెనకబాటును పూడ్చుకోవడమేనని నా వాదన.

అలాస్కా నుంచి పడమటికి సాగే అల్యూషియన్ దీవుల్లో ఉనాంగన్ ప్రజలు చర్మపు పడవల్లో సముద్రం మీద వేటకు వెళ్లేవారు. 1778లో కెప్టెన్ కుక్ మూడో యాత్రలో ఉనలాస్కా దగ్గర ఆగినప్పుడు అక్కడివాళ్ల ఒంటిమీద చూసిన పై చొక్కా సముద్ర జంతువుల పేగుతో కుట్టింది. సీ లయన్, సీల్, వాల్రస్ వంటి జంతువుల పేగును శుభ్రం చేసి, లోపలా బయటా గీకి, గాలి ఊది ఉబ్బించి ఆరబెడతారు. ఎండాక నిలువునా కోస్తే పొడవాటి పలుచని పట్టీ వస్తుంది. అలాంటి పట్టీలు ఎన్నో కలిపి కుడితే తలకప్పుతో సహా మోకాళ్ల కిందికి వచ్చే చొక్కా తయారవుతుంది. దాని అంచును పడవ రంధ్రం చుట్టూ బిగించి కట్టేస్తే కెరటం మీద పడినా పడవలోకి నీరు రాదు. పేగుకున్న గొప్పతనం అది నీటిని ఆపుతూనే ఒంటినుంచి వచ్చే ఆవిరిని కొంత బయటికి పోనివ్వడం. బతికున్న జంతువులో దాని పనే అటూ ఇటూ పదార్థాలను ఎంచి పంపడం. ఈ చొక్కా కింద వెచ్చదనానికి పఫిన్, కార్మొరాంట్ వంటి సముద్రపు పక్షుల చర్మాలను ఈకలతో సహా కుట్టిన అంగీ ఉండేది. అంటే నీటిని ఆపే పొర వేరు, గాలిని పట్టే పొర వేరు. ఇవాళ దుకాణంలో డ్రైసూట్ ఒకచోట, లోపలి ఫ్లీస్ బట్టలు ఇంకోచోట అమ్ముతున్నారంటే ఈ విభజన వల్లే. అలాస్కాకు వచ్చిన రష్యన్ వ్యాపారులు తమ ఉన్ని కోట్లు ఆ వానకూ అలలకూ ఆగడం లేదని గ్రహించి ఈ పేగు చొక్కాలనే తొడుక్కున్నారు. వస్తువు విలువకు అంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు.

అసలు విద్య చర్మంలో కంటే కుట్టులో ఉంది. ఎంత మంచి చర్మమైనా సూది గుచ్చిన ప్రతిచోటా రంధ్రం పడుతుంది. ప్రతి రంధ్రమూ నీటికి దారి. దీనికి ఆ తీరాల స్త్రీలు కనిపెట్టిన ఉపాయం రెండు భాగాలుగా ఉంటుంది. మొదటిది, మందమైన చర్మం విషయంలో సూదిని ఈ పక్కనుంచి ఆ పక్కకు పోనివ్వకుండా, చర్మం మందంలో సగం దాకా మాత్రమే దించి మళ్లీ పైకి తీయడం. ఒక వరస ఈ వైపునుంచి, ఒక వరస ఆ వైపునుంచి అలా కుడితే ఏ రంధ్రమూ అవతలి పక్కదాకా పోదు. రెండోది, దారంగా జంతువుల నరాన్ని వాడటం. నరం తడిస్తే ఉబ్బుతుంది, తానున్న రంధ్రాన్ని తానే మూసేస్తుంది. పేగు చొక్కాల కుట్లలో కొన్నిచోట్ల ఎండు గడ్డిపోచ పెట్టి కుట్టేవారు. అదీ తడికి ఉబ్బేదే. నీటిని ఆపడానికి నీటినే పనిముట్టుగా చేసుకున్న ఈ ఆలోచన మళ్లీ ఇంకొక చోట, ఇంకొక శతాబ్దంలో కనిపిస్తుంది.

గ్రీన్‌లాండ్‌లో దీనికి ఇంకో రూపం ఉంది. వెంట్రుకలు తీసిన సీలు చర్మంతో కుట్టిన తుయిలిక్ అనే పై అంగీ ముఖం చుట్టూ, మణికట్ల చుట్టూ, పడవ రంధ్రపు అంచు చుట్టూ బిగుస్తుంది. దాంతో మనిషీ పడవా ఒకే ముక్కవుతారు. పడవ బోల్తా పడితే తెడ్డుతో తిప్పుకుని మళ్లీ పైకి రావచ్చు. ఒంటికి తగిలేది ముఖం మీద పడిన నీళ్లు మాత్రమే. పడవతో సంబంధం లేకుండా నీళ్లలోకే దిగాల్సినవారి కోసం అక్కడే మరో దుస్తు ఉండేది. తిమింగలాన్ని చంపాక నీటిపై తేలే దాని కళేబరం మీదికి దిగి కోయాలి. అందుకని కాళ్లూ చేతులూ తలా అన్నీ కలిపి ఒకే ముక్కగా సీలు చర్మంతో కుట్టిన దుస్తు తయారుచేశారు. ఛాతీ దగ్గర గుండ్రటి రంధ్రంలోంచి లోపలికి దూరి, ఆ రంధ్రాన్ని తాడుతో బిగిస్తారు. లోపల చిక్కిన గాలివల్ల మనిషి మునగడు. 1721లో గ్రీన్‌లాండ్ చేరిన మతబోధకుడు హాన్స్ ఎగడే ఇలాంటి దుస్తులతో సముద్రంలోకి దూకి పనిచేసేవాళ్లను గురించి రాశాడు. 19వ శతాబ్దం మొదటి సగంలో సేకరించిన అలాంటి దుస్తు ఒకటి కోపెన్‌హాగన్‌లోని జాతీయ మ్యూజియంలో ఉంది. ఒకే ముక్క, ఛాతీ మీద ప్రవేశం, అతికిన పాదాలు. ఈనాటి డ్రైసూట్‌ను పక్కన పెడితే ఆకారంలో తేడా చెప్పడం కష్టం.

ఇప్పుడు రబ్బరు దగ్గరికి వద్దాం. మాకింటాష్ బట్ట వేడికి జిగురయ్యేది, చలికి పెళుసెక్కేది. 1840లలో చార్లెస్ గుడ్‌ఇయర్, థామస్ హాంకాక్ గంధకంతో ఉడికించే పద్ధతి స్థిరపరిచాక ఆ బాధ తీరింది. అమెరికాలో సి. ఎస్. మెరిమన్ 1870లలో గాలి అరలతో ఒక రబ్బరు దుస్తు తయారుచేశాడు. ఓడ మునిగితే ప్రయాణికుల ప్రాణం నిలబెట్టడం దాని ఉద్దేశం. ఆ దుస్తును లోకానికి చూపించినవాడు పాల్ బాయ్‌టన్. 1875 మే 28న ఫ్రాన్స్ తీరంలో నీళ్లలోకి దిగి, వెల్లకిలా పడుకుని, రెండు వైపులా ఆకులున్న తెడ్డుతో తనను తాను నడుపుకుంటూ దాదాపు 24 గంటల్లో ఇంగ్లిష్ చానెల్ దాటాడు. మనిషే పడవ, మనిషే నావికుడు. లోపల ఉన్ని బట్టలు వేసుకున్నాడు. సీబే దుస్తులో సముద్రం అడుక్కు దిగిన డైవర్లు కూడా ఉన్ని మీద ఉన్ని వేసుకునేవారు. అంటే నీటిని ఆపడం, గాలిని నిలపడం వేరువేరని వీళ్లకూ తెలుసు. తెలియనిది, లేదా తెలిసీ పట్టించుకోనిది మూడో పని. రబ్బరు నీటిని ఎంత గట్టిగా ఆపుతుందో ఆవిరినీ అంతే గట్టిగా ఆపుతుంది. గంటల తరబడి తెడ్డు వేసే మనిషిని రబ్బరు సంచిలో పెట్టి బిగిస్తే సాయంత్రానికి లోపలి ఉన్ని అంతా చెమటతో తడిసి ఉంటుంది. నీళ్లలో నిశ్చలంగా తేలేవాడికి ఇది చిన్న లోపం. పడవ నడిపేవాడికి ఇదే ప్రధాన శత్రువు.

చన్నీరు మనిషిని ఎలా చంపుతుందన్న దానిపై వైద్యం కూడా చాలా కాలం తప్పుదారిలో నడిచింది. ఈ దుస్తుల చరిత్రను దానినుంచి విడదీయలేం. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగిన రాత్రి అక్కడి నీరు సున్నాకంటే రెండు డిగ్రీలు తక్కువ. లైఫ్ జాకెట్లు కట్టుకుని, తలలు నీటిపైన ఉండగానే వందల మంది చనిపోయారు. అయినా మునిగి చనిపోయారన్న మాటే చాలాకాలం నిలిచింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1946లో బ్రిటిష్ నౌకాదళం కోసం టాల్బట్ కమిటీ లెక్కలు తీసినప్పుడు, శత్రువు దాడిలో కంటే ఓడ వదిలాక నీళ్లలోనూ తెప్పల మీదా పోయిన ప్రాణాలే ఎక్కువని తేలింది. లైఫ్ జాకెట్ తేలుస్తుంది కానీ చలినుంచి కాపాడదని అప్పటికి గాని అధికారికంగా ఒప్పుకోలేదు.

ఆ యుద్ధంలోనే ఒక అపురూపమైన పని జరిగింది. ఆర్కిటిక్ దారిన వెళ్లే ఓడల కాన్వాయ్‌లకు కాపలాగా ఎగిరే పైలట్లు సముద్రంలో పడితే నిమిషాల్లో చనిపోయేవారు. వాళ్లకు రబ్బరు దుస్తు వేస్తే, కాక్‌పిట్‌లో గంటల తరబడి కూర్చున్నప్పుడు చెమటతో తడిసిపోతారు. మాంచెస్టర్‌లోని షర్లీ ఇన్‌స్టిట్యూట్ దీనికి వెంటైల్ అనే నూలు బట్టతో జవాబు చెప్పింది. పొడవు పింజ పత్తితో అత్యంత దట్టంగా నేసిన బట్ట అది. పొడిగా ఉన్నప్పుడు పోగుల మధ్య సందుల్లోంచి ఆవిరి బయటికి పోతుంది. నీళ్లలో పడగానే పోగులు ఉబ్బి ఆ సందుల్ని మూసేస్తాయి. సీలు చర్మపు కుట్టులో నరం చేసిన పనే ఇది. షర్లీ శాస్త్రవేత్తలు దీన్ని గ్రీన్‌లాండ్ స్త్రీల దగ్గర నేర్చుకున్నారని చెప్పను. నీటి గొట్టాలకు నార దొరక్క ప్రత్యామ్నాయం వెతకడం నుంచి వాళ్ల పరిశోధన మొదలైంది. ఒకరి ఊసు ఒకరికి తెలియకుండా రెండు చోట్ల ఒకే జవాబు దొరికిందంటే, సమస్యను సరిగ్గా అర్థం చేసుకున్నవారికి దొరికే జవాబు అదేనన్నమాట. కేవలం నీటిని ఆపడమే సమస్య అనుకున్నంతకాలం ఆ జవాబు ఎవరికీ తోచలేదు.

చలి శరీరాన్ని మెల్లగా చల్లబరిచి చంపుతుందన్న నమ్మకాన్ని బ్రిటన్‌లో ఫ్రాంక్ గోల్డెన్, మైక్ టిప్టన్ వంటి పరిశోధకులు 1980ల నుంచి సరిదిద్దారు. చన్నీటిలో పడిన మొదటి నిమిషంలోనే ఊపిరి అదుపు తప్పుతుంది. ఒక్కసారిగా గాలి పీల్చుకోవాల్సి వస్తుంది. ఆ పీల్చే క్షణంలో ముఖం నీటి కింద ఉంటే అంతే. గుండె వేగం ఎగబాకుతుంది. రెండు మూడు నిమిషాల్లో ఈ దెబ్బ తగ్గుతుంది. ఆపైన చేతుల్లో సత్తువ పోతుంది. శరీరం లోపలి వేడి ప్రమాదకరంగా పడిపోవడానికి చాలామంది విషయంలో అరగంటకు పైనే పడుతుంది. ఈ మొదటి దెబ్బ 25 డిగ్రీల కంటే చల్లటి నీటిలోనే మొదలవుతుంది, 10 నుంచి 15 డిగ్రీల మధ్య ఉధృతంగా ఉంటుంది. గోదావరిలోనో కృష్ణలోనో ఈత నేర్చుకున్నవారికి నీళ్లంటే ప్రాణం లేచొచ్చే చల్లదనమే. ఊపిరి లాగేసే నీళ్లు మన అనుభవంలో లేవు. కెనడాలోనో మిన్నెసోటాలోనో స్థిరపడిన తెలుగువారు ఏప్రిల్ ఎండకు ముచ్చటపడి సరస్సులోకి పడవ దింపేముందు ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి. గాలి 20 డిగ్రీలున్నా, నెల క్రితం దాకా గడ్డకట్టిన నీరు ఇంకా ఐదారు డిగ్రీల దగ్గరే ఉండొచ్చు. డ్రైసూట్ చేసే మొదటి మేలు ఇక్కడే ఉంది. చర్మానికి నీరు తగలనివ్వదు కనుక ఆ మొదటి నిమిషపు దెబ్బను బాగా తగ్గిస్తుంది. గంటసేపటి వెచ్చదనం తర్వాతి మాట.

మధ్యలో వెట్‌సూట్ వచ్చింది. 1950ల మొదట్లో కాలిఫోర్నియాలో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతికశాస్త్రవేత్త, ఒంటిని పొడిగా ఉంచాల్సిన అవసరమే లేదని వాదించాడు. నియోప్రీన్ నురుగులో చిక్కిన గాలి బుడగలే వేడిని ఆపుతాయి, చర్మం తడిసినా ఫరవాలేదు. చాలా తెలివైన ఆలోచన. నీళ్లలోనే గడిపేవారికి నేటికీ అదే మేలు. కయాక్ నడిపేవారు కూడా దశాబ్దాలపాటు చేతుల్లేని వెట్‌సూటే వేశారు. కానీ పడవ నడిపేవాడు ఎక్కువసేపు గాలిలో ఉంటాడు. తడిసిన నియోప్రీన్ మీద గాలి వీస్తే ఆవిరై పోయే తడి ఒంటి వేడిని తోడుకుపోతుంది. అందుకే గోర్ పొర వచ్చాక చలినీటి పడవవాళ్లు మెల్లగా డ్రైసూట్‌కు మళ్లారు. ఆ పొరలోని రంధ్రాలు నీటిబొట్టు కంటే వేలరెట్లు చిన్నవి, ఆవిరి అణువు కంటే వందలరెట్లు పెద్దవి. 1976లో ఆ పొరతో మొదటి దుస్తులు అమ్మకానికి వచ్చాయి. తర్వాతి దశాబ్దంలో అది పడవవాళ్ల డ్రైసూట్లలోకి చేరింది. పేగు చొక్కా, దాని కింది అంగీ కలిసి చేసిన మూడు పనులూ మళ్లీ ఒకచోట కలిసింది అప్పుడే.

ఈ వాదనకు రాగల అభ్యంతరాల్లో బలమైనది ఒకటుంది. ఇది ప్రాచీనాన్ని ఆకాశానికెత్తడమేనని, ఆ దుస్తులు వేసుకున్నవారూ సముద్రంలో పోయారని అనొచ్చు. పోయారు. గ్రీన్‌లాండ్ మగవారికి కయాక్ మీద మృత్యువు కొత్తది కాదు. 1932 ఆగస్టు 20న తూర్పు గ్రీన్‌లాండ్‌లో ఇంగ్లిష్ యాత్రికుడు జినో వాట్కిన్స్ ఒంటరిగా సీళ్ల వేటకు వెళ్లి తిరిగి రాలేదు. అప్పటికి ఆయన వయసు 25. 1930-31 యాత్రలో స్థానికుల దగ్గరే పడవ విద్య, బోల్తా పడితే తిప్పుకునే విద్య నేర్చుకున్నవాడు. ఖాళీ పడవ తేలుతూ కనిపించింది, ఆయన ప్యాంటు ఒక మంచు పలక మీద దొరికింది. దేహం దొరకలేదు. ఏం జరిగిందో చూసినవాళ్లు లేరు. తుయిలిక్ మనిషిని పడవలో ఉన్నంతసేపే కాపాడుతుంది, పడవలోంచి బయటపడితే కిందినుంచి తెరుచుకునే అంగీ మాత్రమే అవుతుంది. ఆ పరిమితి నిజం. పేగు చొక్కా ముట్టుకుంటే చిరిగేంత సున్నితం, ఎండితే పెళుసు, తరచూ నూనె పట్టించాలి, కుట్టడానికి వారాలు పడుతుంది. ఈనాటి డ్రైసూట్ రాయికి రాసుకున్నా నిలుస్తుంది, డబ్బుంటే ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇవన్నీ ఒప్పుకుంటాను. నేను పోల్చేది దుస్తుల మన్నికను గాని, మరణాల సంఖ్యను గాని కాదు. సమస్యను ఎవరు ముందు, ఎంత పూర్తిగా అర్థం చేసుకున్నారన్నది నా ప్రశ్న. ఆ లెక్కన తిమింగలం వేట దుస్తు కుట్టిన స్త్రీ మెరిమన్ కంటే ముందుంది. మెరిమన్ పేరు పేటెంట్ కాగితం మీద ఉంది, ఆమె పేరు ఏ కాగితం మీదా లేదు. చరిత్ర రబ్బరు దగ్గర మొదలైనట్టు కనిపించడానికి ఇదీ ఒక కారణం.

రెండో అభ్యంతరం నేటి పడవవాళ్ల నుంచే వస్తుంది. ఇంత ఊపిరాడే బట్ట ఉండగా చెమట గురించి ఇంకా ఇంత చింత ఎందుకని. ఆ పొర ఆవిరిని పంపాలంటే లోపల బయటకంటే తేమ, వేడి ఎక్కువ ఉండాలి. పై బట్ట నీటితో నానిపోతే ఆ పని మందగిస్తుంది. లైఫ్ జాకెట్ కప్పిన చోట ఆవిరికి దారి ఇంకా తక్కువ. కాబట్టి ఏ బట్టైనా మనిషి తెలివికి తోడే, దాని బదులు కాదు. ధ్రువ యాత్రికుడు అముండ్సెన్ ఉత్తర ధ్రువ ప్రాంతపు నెట్సిలిక్ ప్రజల దగ్గర నేర్చుకున్న పాఠం కూడా ఇదే. 1903 నుంచి రెండేళ్లు వాళ్ల పొరుగున గడిపిన ఆయన, తోలు బట్టలు వదులుగా వేసుకోవాలని, చెమట పట్టేంత వేగంగా పనిచేయకూడదని తెలుసుకున్నాడు. నేటి డ్రైసూట్ కింద నూలు బనియన్ వేయొద్దని, తడిసినా గాలిని పూర్తిగా వదలని ఉన్ని గాని ఫ్లీస్ గాని వేయమని చెప్పడం ఆ పాఠానికి కొనసాగింపే. తొడుక్కున్నాక గొంతుక్కూర్చుని మెడ పట్టీ కొద్దిగా లాగి అదనపు గాలిని వదిలేయమంటారు. గాలి పూర్తిగా లేకపోతే చలి, మరీ ఎక్కువుంటే నీళ్లలో అది కాళ్లలోకి చేరి ఈత కొట్టనివ్వదు. గాలి కంటే నీటి చలిని చూసి బట్టలు వేసుకోవాలన్నది ఇవాళ అందరూ చెప్పే సూత్రం. ఎండలో దీన్ని పాటిస్తే ఉడికిపోతామని ఫిర్యాదు చేసేవారి మాటలోనూ నిజముంది. దానికి తుయిలిక్ వాళ్లే జవాబు చూపారు. వేడెక్కినప్పుడు పడవను ఒకసారి బోల్తా తిప్పి లేస్తే తలా ముఖమూ చల్లబడతాయి. నియోప్రీన్‌తో కుట్టిన కొత్త తుయిలిక్‌లు వేసుకుని ఇవాళ్టికీ ఎంతోమంది చేస్తున్న పని ఇది. అది రానివారు తీరం దగ్గరే ఉండి టోపీ తడుపుకోవడం మేలు.

ఇంతా చేసినా ఒక చోట మాత్రం మనం ఆ తీరాలవాళ్లను దాటి పెద్దగా ముందుకు రాలేదు. అవి చేతులు. డ్రైసూట్ మణికట్టు దగ్గర ఆగిపోతుంది. చన్నీటిలో పడ్డాక పనికొచ్చే కదలిక చేతుల్లో ఉండేది పది నిమిషాలేనని కెనడాలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే పరిశోధకుడు లెక్క చెప్పాడు. ఆ పది నిమిషాల్లోనే పడవ ఎక్కాలి, తాడు అందుకోవాలి, జిప్పు లాగాలి. గ్రీన్‌లాండ్ వేటగాళ్ల చేతితొడుగులకు రెండు బొటనవేళ్లు ఉండేవి. అరచేతి వైపు తడిసినా అరిగినా తిప్పి తొడుక్కోవడానికి. నేటివారు మందం నియోప్రీన్ గ్లవ్స్ వేస్తే తెడ్డు మీద పట్టు తెలియదు, పలుచనివి వేస్తే వేళ్లు కొయ్యబారతాయి. తెడ్డుకే తగిలించిన తొడుగుల్లో చేతులు దూర్చి నడిపితే తెడ్డు వదిలిన క్షణం చేతులు వట్టివే. చాలామంది ఇప్పటికీ జాకెట్ జేబులో ఇంకో పొడి జత పెట్టుకుని, ఏ నీటికి ఏది నప్పుతుందో ఒక్కో చలికాలం వాడి చూసి తేల్చుకుంటున్నారు.